చాప టికెట్

నా చిన్నప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో మా చర్చి ముందు ప్రతి క్రిస్మస్‌కు ఒక బ్యాండు వాళ్లు వచ్చి పాడేవారు. టికెట్ లేదు, కుర్చీలు లేవు. ఎవరి చాప వాళ్లే తెచ్చుకోవాలి. నేను అందరికంటే ముందు పోయి, డోలక్ దగ్గర చాప పరిచి, ఎవరూ జరపకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టేదాన్ని.

ఇప్పుడు వాళ్లకు చాలా పేరొచ్చింది. ఈ రోజు మధ్యాహ్నం సుబేదారిలో ఒక హాల్లో పాడుతున్నారంటే మా ఆయనతో వెళ్లాను. కౌంటర్ దగ్గర అమ్మాయి చెప్పింది.

“కుర్చీ ఐదు వందలక్కా. స్టేజీ ముంగట చాపలేసినం, అది యాభై. ఊర్లల్ల కింద కూసుండి విన్నోళ్ల కోసమని బ్యాండోళ్లే పట్టువట్టి ఏపిచ్చిన్రు.”

మా ఆయన తన ఇస్త్రీ ప్యాంటు వైపు చూసుకున్నారు. “కింద ఏం కూసుంటమే? కుర్చీలే తీస్కుందాం.”

కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఈ రోజు ఎలా పెగిలిందో! “మీరు కుర్చీల కూసోండి. నేనైతే చాప మీదనే కూసుంట.”

ఆయన నవ్వి రెండూ చాప టికెట్లే తీసుకున్నారు.

పాటల మధ్యలో, అప్పట్లో డోలక్ వాయించిన అన్నే, “ఘన్‌పూరోళ్లు ఎవలన్న ఉన్నరా?” అని అడిగాడు. జుట్టంతా నెరిసిపోయింది ఆయనకు. సిగ్గుతో నా చెయ్యి లేవలేదు. మా ఆయనే పట్టుకుని పైకెత్తారు. డోలక్ అన్న నన్ను చూసి అడిగాడు.

“చాపకు రాళ్లు పెట్టేటి పిల్లవు నువ్వే గదా?”

ఐదు వందల కుర్చీల వాళ్లను ఆయన ఏమీ అడగలేదు మరి. మీరైతే ఏ టికెట్ తీసుకునేవారు?