ఇరవై రెండో నంబరు కంప్యూటర్

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీది నుంచి అశోక్‌నగర్ దిక్కు పోయే సందులో, ఒక మెస్సుకూ ఒక పుస్తకాల షాపుకూ నడుమ, మూడు కుర్చీలు వేస్తే నాలుగోది పట్టని గది ఒకటుంది. ఇరవై ఆరేళ్లుగా సులోచనక్క ఆ గదిలోనే టైపింగ్ చేస్తోంది. నేను విద్యానగర్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. పదకొండేళ్లుగా నా పరీక్ష పేపర్లన్నీ ఆమే కొట్టి పెడుతుంది.

ఆమెది జనగామ దగ్గరి ఊరు. పెళ్లయి పట్నం వచ్చాక నారాయణగూడలో టైపు నేర్చుకుని తెలుగు టైపు హయ్యర్ పరీక్ష పాసయింది. భర్త జగదీశ్వర్ ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి పేర్చేవాడు. ఆ పని మూతపడ్డాక ఇదే గదిలో జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఆయన మిషన్ చప్పుడు, ఆమె కీబోర్డు చప్పుడు.

ఆమె దగ్గరికి హాస్టల్ పిల్లల దరఖాస్తులు వస్తాయి, కిరాయి అగ్రిమెంట్లు వస్తాయి, వకీళ్ల పిటిషన్లు వస్తాయి. ఎవరి సంగతీ ఇంకొకరికి చెప్పదు. ఒకసారి గల్లీలో ఒకావిడ వచ్చి, మా తోటికోడలు ఏదో కాయితం కొట్టించుకుందట, ఏం రాయించిందని గుచ్చి గుచ్చి అడిగింది. "నాకు చదువు రాదమ్మా, నా వేళ్లకే వచ్చు" అంది సులోచనక్క. నేను అక్కడే ఉన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను.

పోయిన వానాకాలంలో ఆమె పాత కంప్యూటర్ ఒక ఉదయం తెరుచుకోలేదు. నారాయణగూడలో తెలిసిన షాపతను నరేంద్ర. అతని దగ్గర కొత్తది తీసుకుంది. "కావాల్సినవన్నీ వేసే ఇస్తున్న అక్కా. మీరు స్విచ్ వేసుడే తరువాయి" అన్నాడతను.

స్విచ్ వేస్తే తెర నిండా ఏవేవో బొమ్మలు. ఒకటి వాన వస్తుందా రాదా చెబుతుంది. ఒకటి బట్టలు కొనమంటుంది. ఒకటి పంట పండించే ఆట. అన్నిటికంటే ఘోరం, వైరస్‌లను ఆపుతానని వచ్చినది. పది నిమిషాలకోసారి ఎర్రటి డబ్బా లేపి, 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అనేది. మొదటి రెండు రోజులు ఆమె నిజమే అనుకుంది. డబ్బా లేచినప్పుడల్లా రెండు చేతులూ కీబోర్డు మీంచి పైకి తీసేసేదట, కరెంటు కొట్టినట్టు. టైపు చేసిన అక్షరం కూడా కాసేపు ఆలోచించి గాని తెర మీదికి వచ్చేది కాదు.

పందొమ్మిదో రోజు పొద్దున పదకొండు గంటలకు అనూహ్య వచ్చింది.

అనూహ్యది వనపర్తి వైపు పల్లె. బీటెక్ చదివి, రెండేళ్లు ఉద్యోగం చేసి, మానేసి గ్రూప్ వన్‌కు చదువుతోంది. వెనక సందులోనే హాస్టల్. అంతకు రెండు వారాల ముందు ఆమె సులోచనక్క చేత ఒక ఫిర్యాదు టైపు చేయించింది. తను చదివే కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పే ఒకాయన మీద. నోట్సు ఇస్తానని ఒంటరిగా రమ్మనడం, రాకపోతే అందరి ముందూ అవమానించడం, ఫోన్లు, ఇంకా చెప్పుకోలేనివి. మూడు పేజీలు. టైపు అయ్యాక ప్రింటు తీసుకోలేదు. "ఉండనియ్యి అక్కా. ఎప్పుడియ్యాలో చెప్త" అని వెళ్లిపోయింది. ఈ సంగతి సులోచనక్క నాకు చెప్పలేదు, ఈ రోజుకీ చెప్పదు. అనూహ్యే చెప్పింది. రాస్తే రాయండి సార్, నా పేరు కూడా మార్చకండి అంది.

ఆ రోజు ఆమె వచ్చింది ఫిర్యాదులో ఒక తేదీ మార్చడానికి. వచ్చేసరికి సులోచనక్క ఎర్ర డబ్బాతో కొట్లాడుతోంది.

"ఏంది అక్కా, గింత స్లో ఉన్నది?"

"ఏమో బిడ్డా, కొత్తదే. జర చూడరాదు."

అనూహ్య కుర్చీ జరుపుకుని కూర్చుంది. కంప్యూటర్లో వేసి ఉన్న సాఫ్ట్‌వేర్ల జాబితా తెరిచింది. ముప్పై నాలుగు పేర్లు. పైనుంచి ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది.

"ఇది వాడ్తవా?"

"అదేందో నాకు తెల్వనే తెల్వదు."

"ఈ పంటల ఆట?"

"అది మా ఆయన రెండు రోజులు ఆడిండు. తీసెయ్యి."

జిరాక్స్ మిషన్ దగ్గర జగదీశ్వర్ దగ్గి ఊరుకున్నాడు.

ఎర్ర డబ్బాది పోతూ పోతూ మూడుసార్లు అడిగిందట, నిజంగానే తీసేస్తారా అని. మూడుసార్లూ అవునని నొక్కింది అనూహ్య. ఒక్కొక్కటి పోతుంటే కంప్యూటర్ తేలికపడటం తెలుస్తోంది. సులోచనక్క వెనకనుంచి చూస్తూ, "అబ్బ, ఇంత చెత్త పెట్టుకుని పని చేస్తున్ననా!" అని ఆశ్చర్యపోతోంది.

తీసెయ్యాల్సినవాటిలో చివరికి ఒకటి మిగిలింది. దాని పేరు 'సర్వీస్ హెల్పర్'. బొమ్మ లేదు, ఎవరు చేశారో లేదు. తీసెయ్యమని నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్ అక్కా?"

"నేనేం పెట్టలే. నా కంప్యూటర్ నన్నే పాస్‌వర్డ్ అడుగుతదా?"

అనూహ్యకు అనుమానం వచ్చింది. అది ఏ ఫోల్డర్లో ఉందో వెతికి తెరిచింది. లోపల ఫోటోలు. పేర్లన్నీ తేదీలు, గంటలు, నిమిషాలు. అయిదు నిమిషాలకొకటి. పద్దెనిమిది వందల చిల్లర. మధ్యలోంచి ఒకటి నొక్కింది.

తెర నిండా తెలుగు అక్షరాలు పరుచుకున్నాయి. సగం టైపు చేసిన పేజీ. 'నన్ను ఒంటరిగా స్టాఫ్ రూముకు' అన్న చోట ఆగిపోయి ఉంది.

అది ఆమె ఫిర్యాదే.

అనూహ్య చెయ్యి మౌస్ మీద అట్లాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా తల తిప్పి సులోచనక్క మొహంలోకి చూసింది. ఆ చూపు ఎట్లాంటిదో సులోచనక్కకు అర్థమైంది. ఇరవై ఆరేళ్లలో ఎవరూ ఆమెను అట్లా చూడలేదు.

"నేను తియ్యలే బిడ్డా," అంది. "ఒట్టు. ఇదేందో నాకు తెల్వదు. నీ మీద ఒట్టు."

"మరెవరు తీసిన్రు?"

ఇంకొకటి నొక్కింది. ఒక ఆవిడ విడాకుల పిటిషన్. ఇంకొకటి. ఎవరిదో ఆధార్ కార్డు. ఇంకొకటి. నా తొమ్మిదో తరగతి లెక్కల పేపర్. ప్రతి ఫోటో కింద మూలన చిన్న అక్షరాల్లో ఒకే మాట: 'పంపబడింది'.

"యాడికి పంపబడింది?" అంది సులోచనక్క. జగదీశ్వర్ వచ్చి గోడ దగ్గర వంగి మెయిన్ ప్లగ్గు పీకేశాడు. కంప్యూటర్‌తో పాటు జిరాక్స్ మిషన్ కూడా ఆగిపోయింది. ఎవరిదో మార్కుల మెమో సగం లోపల, సగం బయట ఇరుక్కుంది.

సులోచనక్క చెప్పులు వేసుకుంది. సీపీయూను బెడ్‌షీట్‌లో మూటగట్టి, ఆటోలో ఒడిలో పెట్టుకుని, అనూహ్యను పక్కన కూర్చోబెట్టుకుని నారాయణగూడ షాపుకు పోయింది.

నరేంద్ర ముందు నవ్వాడు. కంప్యూటర్ పెట్టి చూసి నవ్వు ఆపేశాడు.

"అక్కా, గాంధీనగర్‌ల ఒక ఆఫీసుకు ఇరవై రెండు కంప్యూటర్లు తయారు చేసినం. పని చేసేటోళ్ల మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ అది, తెరను ఫోటో తీసి వాళ్లకు పంపుతది. వాళ్లే ఇచ్చిన్రు. ఒక డిస్క్‌ల ఎక్కించి అన్నిట్లకు కాపీ కొట్టినం. వాళ్లు ఇరవై ఒకటే తీస్కున్నరు."

"మిగిలినది నాకిచ్చినవా?"

"కొత్తదే అక్కా! సీలు కూడా..." అంటూ ఆగిపోయాడు. అందులోది తుడవడం మరిచిపోయారట. అంతే. ఆ 'అంతే' అన్న మాట విని సులోచనక్క, ఆ ఆఫీసు ఎక్కడో చూపించమంది.

నరేంద్రనే వెంటబెట్టుకుని ముగ్గురూ గాంధీనగర్ పోయారు. రెండో అంతస్తులో ఆఫీసు. కంప్యూటర్లు చూసుకునేది ఉమాకాంత్ అనే అతను. ముప్పై ఏళ్లుంటాయి. మర్యాదగా కుర్చీలు వేయించాడు. అతని ముందు పెద్ద తెర, దాని మీద గళ్లు గళ్లుగా ఇరవై ఒక్క మంది పని కదులుతోంది. చివరి గడి బూడిద రంగులో ఉంది. మీద '22' అని ఉంది.

నరేంద్ర సంగతి చెప్పాడు. ఉమాకాంత్ మొహం వెలిగింది.

"ఓ, ఇరవై రెండు మీదేనా మేడం? తెలుగు టైపింగ్? మీరు మస్తు ఫాస్ట్ కొడ్తరు."

సులోచనక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ అబ్బాయి మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. పందొమ్మిది రోజులు తన వీపు వెనక ఒక మనిషి కూర్చుని ఉన్నాడని ఆమెకు అప్పుడే ఒంటికి తెలిసింది.

"నువ్వు చదివినవా?" అని అనూహ్య అడిగింది.

"అన్నీ కాదు. అప్పుడప్పుడు... మాదే ఏదో బ్రాంచి అనుకున్న."

"స్టాఫ్ రూము అని ఒక లెటర్ ఉంటది. అది చదివినవా?"

ఉమాకాంత్ ఆమె వైపు చూశాడు, వెంటనే చూపు దించుకున్నాడు. ఆమెవరో అతనికి అర్థమైంది.

"చదివిన," అన్నాడు. "తర్వాత రోజూ చూసిన, ప్రింట్ కొట్టిన్రా లేదా అని. పంపిన్రో లేదో తెల్సుకోవాలని. తప్పే. క్షమించున్రి."

అనూహ్యకు చెంప మీద కొట్టినట్టయిందట. ఇంట్లో అమ్మకు చెప్పలేదు, రూమ్మేటుకు చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని ఒక మగవాడు మాత్రం రెండు వారాలుగా, పంపిందా లేదా అని ఎదురుచూస్తున్నాడు.

వాళ్ల ముందే అతను ఇరవై రెండో గడిలోవన్నీ చెరిపేశాడు. పాస్‌వర్డ్ చెప్పి, జరిగినదంతా ఆఫీసు కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. నరేంద్ర సాయంత్రానికల్లా కంప్యూటర్ మొత్తం తుడిచి, మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. సులోచనక్క పక్కనే నిలబడి, వద్దు, ఇదొద్దు, ఇదీ వద్దు అంటూ ఒక్కొక్కటీ ఆపించింది.

మరునాడు పొద్దున ఆమె తన రిజిస్టర్ తెరిచింది. ఆ పందొమ్మిది రోజుల్లో వచ్చినవాళ్లు నలభై మూడు మంది.

"అందరికి ఫోన్ చేస్తవా?" జగదీశ్వర్ అడ్డుపడ్డాడు. "అంతా చెరిపేసిన్రు గదా. ఇంక మనం చెప్పకుంటే ఎవ్వరికి తెలుస్తది? దుకాణం మూసుకుంటవా ఏంది?"

"వాళ్ల ముచ్చట ఆ పిల్లగానికి తెల్సె, నాకు తెల్సె, నీకు తెల్సె. వాళ్లకే తెల్వకుంటే ఎట్ల?" అంది, నంబరు నొక్కుతూ.

నాకు ఫోన్ వచ్చినప్పుడు నేను క్లాసు గది బయట ఉన్నాను. "సార్, మీ తొమ్మిదో తరగతి పేపర్ బయటివాళ్లు చూసిన్రు. నా కంప్యూటర్ల కెల్లి పోయింది. మార్చుకోండ్రి సార్" అంది. నేను ముందు జోకనుకున్నాను. ఆమె ఊపిరి పీల్చుకునే తీరు విని, సరే మార్చుకుంటానన్నాను.

కొందరు నవ్వి వదిలేశారు. ఒకాయన బూతులు తిట్టాడు, ఆమె చివరిదాకా విని, "అవును సార్" అంది. విడాకుల కాయితం కొట్టించుకున్నావిడ, ఎవరు చదివినా తీర్పు మారదులే అని ఫోన్ పెట్టేసింది. ఏళ్ల తరబడి తన పిటిషన్లన్నీ ఇక్కడే చేయించుకున్న వకీలు కిషన్ రావు గారు మాత్రం మధ్యాహ్నమే గుమస్తాను పంపి ఫైళ్లన్నీ తెప్పించుకున్నారు. మళ్లీ రాలేదు. ఆయన పనే ఆ గదికి సగం పని.

అనూహ్యకు ఫోన్ చేయాల్సిన పని లేదు. నాలుగు గంటలకు ఆమే వచ్చింది. రాత్రంతా నిద్రపోలేదని కళ్లు చెబుతున్నాయి.

"అక్కా, మళ్లీ టైపు చెయ్యి. మొదటినుంచి చెప్త."

"ఇప్పుడా బిడ్డా? నిమ్మలంగ ఆలోచించుకోరాదు."

"చదవకూడనోడే చదివిండు. ఇంక చదవాల్సినోళ్లు చదవాలె."

ఈసారి నాలుగు పేజీలయింది. మొదట రాయించినప్పుడు దాచుకున్న రెండు సంగతులు కూడా చెప్పింది. అవి కొడుతుంటే సులోచనక్కకు ఒకసారి వేళ్లు ఆగిపోయాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ కొట్టింది. ప్రింటు తీసి, మూడు కాపీలు జగదీశ్వర్ స్టేపుల్ చేశాడు. అనూహ్య ఒకటి కోచింగ్ సెంటర్లో ఇచ్చింది, ఒకటి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చింది, ఒకటి తన దగ్గర ఉంచుకుంది.

సెంటర్ వాళ్లు వారం రోజులు నానబెట్టారు. ఇంతలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు బయటికొచ్చారు. ఇద్దరూ వేరు వేరుగా వచ్చి సులోచనక్క దగ్గరే టైపు చేయించుకున్నారని తర్వాత తెలిసింది. ఆ ముగ్గురి కాయితాలూ ఒకచోట చేరాక ఆ పాఠం చెప్పే ఆయన్ను కొలువులోంచి తీసేశారు. కేసు నడుస్తోంది. అనూహ్య హాస్టల్ మారి అంబర్‌పేట్‌లో ఉంటోంది. చదువు ఆపలేదు.

సులోచనక్క గదిలో ఇప్పుడు పని తక్కువ. మొన్న నా పేపర్ పట్టుకుని పొద్దున్నే పోయాను. ఆమె కంప్యూటర్ పెట్టి, సాఫ్ట్‌వేర్ల జాబితా తెరిచి, వేలు తెర మీద ఆనించి ఒక్కొక్క పేరే పైకి చదువుకుంటోంది. మొత్తం పదకొండు. జగదీశ్వర్ మెస్సు నుంచి చాయ్ తెచ్చి, ఆమె చదవడం అయ్యేదాకా గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోండ్రి సార్," అంది ఆమె తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఇంక రెండే ఉన్నయి."