జమునక్క పక్క కుర్చీలో

మైకు తలకు తొడిగే నల్లటి స్పాంజికి ఒక వాసన ఉంటుంది. మాట్లాడినవాళ్ళ నోటి తడి, మైదానంలో లేచిన దుమ్ము, ఎండ అన్నీ అందులో ఇంకిపోయి ఉంటాయి. మొన్న సూర్యాపేటలో, మైకుసెట్లు బాగుచేసే దుకాణంలో నా వంతు కోసం కూర్చుని ఉన్నప్పుడు బల్ల మీద ఎవరిదో పాత మైకు కనిపిస్తే ఊరికే చేతిలోకి తీసుకున్నాను. అలవాటుగా నోటి దగ్గరకు తెచ్చాను. లవంగం వాసన వచ్చింది. దుకాణం అతను ఏదో అడుగుతున్నాడు, నాకు వినబడటం లేదు. మైకు అక్కడ పెట్టేసి బయటికి వచ్చి, ఎండలో రోడ్డు పక్కన అటూ ఇటూ నడిచాను. ఇన్నేళ్ళు గడిచినా ఆ వాసన తగిలితే నేను కుదురుగా కూర్చోలేను. మాట మొదలుపెట్టే ముందు రెండు లవంగాలు బుగ్గన పెట్టుకునే మనిషి నాకు ఒక్కరే తెలుసు.

జమునక్కను మీరు చూసి ఉండరు. మిర్యాలగూడ చుట్టుపక్కల వాళ్ళయితే ఆమె గొంతు విని ఉండొచ్చు. త్రిపురారం దగ్గర ఒక తండా ఆమెది. తల్లీ తండ్రీ ఇద్దరూ నాట్లకూ కోతలకూ కూలికి పోయేవాళ్ళు. ఆమె కబడ్డీ ఆడుతూ యూనివర్సిటీ జట్టు దాకా వెళ్ళింది. అక్కడ మోకాలు దెబ్బతిన్నది. ఆట ఆగిపోయాక మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో మా లోకల్ ఛానల్‌కు కబడ్డీ కామెంట్రీ చెప్పేది. పొట్టి మనిషి. నడిచేటప్పుడు కుడికాలు కొద్దిగా ఈడ్చేది. గొంతు సన్నగా ఉండదు, కాస్త బొంగురు. అప్పుడే పరుగెత్తి వచ్చి ఆగిన మనిషి మాట్లాడుతున్నట్టు ఉండేది.

నాది కోదాడ. డిగ్రీ అయ్యాక ఆ ఛానల్లో కెమెరా పనికి కుదిరాను. కామెంట్రీ చెప్పేది ఆడమనిషి అని మొదటి రోజు తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఫోన్లో మా అమ్మకు చెబితే, "మగపిల్లలు నిక్కర్లేసుకుని ఆడే ఆటకి ఆడమనిషి చెప్పడమేంట్రా? వాళ్ళింట్లో ఏమీ అనరా?" అంది. నేనూ అదే అనుకున్నాను. ఆమె పక్కన ఉన్నప్పుడు తెలిసినవాళ్ళు ఎదురైతే రెండడుగులు దూరం జరిగి నిలబడేవాణ్ణి. లైవ్ కింద జనం రాసే మాటలు నా ఫోన్లో కనిపిస్తూ ఉండేవి. వంట చేసుకొమ్మనేవాళ్ళు, పెళ్ళయిందా అని అడిగేవాళ్ళు, తండా పేరెత్తి రాయకూడనివి రాసేవాళ్ళు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇవన్నీ చదువుతావా అక్కా?"

"సదువుతా," అంది. "అందరు తిడుతాంటే మధ్యల ఎవడో ఒకడు, గా పాయింటు తప్పు జెప్పినవక్కా అని రాస్తడు. వాని కోసం సదువుతా."

ఆట మొదలవడానికి గంట ముందే ఆమె రెండు జట్ల దగ్గరకూ వెళ్ళేది. ఒక్కొక్కరి పేరు, ఊరు, ఏ కాలు ముందు పెడతారు, ఏ వైపు నుంచి పట్టుకుంటారు, అన్నీ అడిగి కాగితం మీద రాసుకునేది. అయిదో నంబరు, ఎనిమిదో నంబరు అని చెప్పడం ఆమెకు గిట్టేది కాదు. నా మాట బాగుంటుందని ఆమే గమనించింది. ఒక ఉదయం పెద్దగా ఎవరూ చూడని చిన్న ఆటకు మైకు నాకు ఇచ్చింది. నేను రెచ్చిపోయాను. పులి, పిడుగు, సుడిగాలి, తెలిసిన మాటలన్నీ వాడేశాను. ఆట అయ్యాక ఆమె నీళ్ళు తాగి, సీసా మూత పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"ఆ పిల్లగాన్ని పులి అన్నవ్ గదా సతీశ్. ఆఖర్ల ఎందుకు దొరికిండో జెప్పు."

నాకు తెలియదు.

"వాడు ఎడమకే తిరుగుతడు. మూడుసార్లు ఎడమకే తిరిగిండు. నాలుగోసారి గాడనే కాసుకొని పట్టిన్రు. గది జెప్పాలె. పులో పిల్లో ఇంట్ల కూసున్నోళ్ళు సూసుకుంటరు, వాళ్ళకు కండ్లున్నయి. జర ఆట సూడు. సూసింది జెప్పు. సూడనిది జెప్పకు."

ఆ ఏడాది పొడవునా నాకు ఆమె పక్కన కూర్చోవడమే చదువు. కెమెరా ఇంకొకరికి అప్పగించి నన్ను రెండో గొంతుగా కూర్చోబెట్టాడు మా ఓనర్. కానీ ఒక సంగతి అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆమెకు దొరికేవి ఆడపిల్లల ఆటలు, మగవాళ్ళ పోటీల్లో పొద్దున పూట జరిగే చిన్న ఆటలు. ఫైనల్ అనేసరికి ఎక్కడి నుంచో ఒక మగగొంతును పిలిపించేవాళ్ళు. "ఆడగొంతుకు ఊపు రాదమ్మా, జనం లేసి పోతరు," అని ఓనర్ ఆమె ఎదుటే అనేవాడు. చెడ్డవాడు కాదు. మర్యాదగానే అనేవాడు. మర్యాదగా అన్నప్పుడు ఎదురు చెప్పడం ఇంకా కష్టం. బహుమతులు ఇచ్చేటప్పుడు మాత్రం పట్టుచీర కట్టుకుని రమ్మని ఆమెకు కబురు వచ్చేది. ఆమె బడికి వేసుకెళ్ళే ట్రాక్ సూటులోనే వచ్చేది.

సూర్యాపేట పోటీలప్పుడు ఆమె తనంతట తాను అడిగింది. "ఒక్కసారి మగోళ్ళ ఫైనల్ ఇయ్యుండ్రి సార్. జనం లేసి పోతే మల్ల అడగ." ఓనర్ చాలాసేపు ఆలోచించి, నా వైపు చూసి, "సరే, సతీశ్ పక్కన ఉంటడు. ఏమన్నా అయితే సంబాళిస్తడు," అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. దేన్ని సంబాళించాలో ఆ రోజు నేను అడగలేదు.

ఎండ వాలిన వేళ ఫైనల్ మొదలైంది. మా బల్ల మీద ఒకటే మైకు, దాని పక్కన కెమెరాలో పడుతున్నది చూపించే చిన్న తెర. ఆమె గొంతు లౌడ్‌స్పీకర్లలో వినబడగానే ముందు వరుసలో నవ్వారు. వెనక్కి తిరిగి మా బల్లను చూశారు. కాసేపటికి చూడటం మానేశారు. సగం ఆట అయ్యేసరికి, చెబుతున్నది ఎవరన్న సంగతి వాళ్ళు మరిచిపోయారు. ఎవరూ లేచి పోలేదు. నేను ఓనర్ వైపు చూశాను, ఆయన తల ఊపాడు. ఆట చివరి నిమిషాలకు వచ్చింది. పాయింట్లు సమానం. పోటీలు పెట్టిన కమిటీ పెద్దమనిషి ఊరి కుర్రాడు కూతకు వెళ్ళాడు. పక్కకు జరుగుతూ జరుగుతూ, ఎవరినీ తాకకముందే అతని ఎడమకాలు గీత అవతల పడింది. నా ముందున్న తెరలో స్పష్టంగా చూశాను. రిఫరీ అవతలి వైపు ఉన్నాడు, చూడలేదు. తర్వాత ఒకరిని తాకి వచ్చిన కుర్రాడికి పాయింటు ఇచ్చేశాడు.

"పాయింటు ఇచ్చిన్రు," అంది జమునక్క మైకులో. "కానీ ఎవ్వలిని ముట్టకముందే కాలు గీత దాటింది. నియమం ప్రకారం అది అవుట్."

మైదానం నిండా కేకలు. ఆడదానికి ఏం తెలుసు అన్నారు, దించుండ్రి అన్నారు, ఇంకా చాలా అన్నారు. కమిటీ పెద్దమనిషి మా బల్ల దగ్గరకు వచ్చాడు. ఆమె వైపు చూడనే లేదు. నాతో అన్నాడు, "ఏం తమ్మీ, మా దగ్గరికొచ్చి మా పిల్లగాన్నే అవుట్ అంటదా? మైకు నువ్వు దీసుకో. తప్పయిందని జెప్పు." ఓనర్ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "కానియ్ సతీశ్." పెద్దమనిషి ఆమె ముందున్న మైకు తీసి నాకు అందించాడు. నేను అందుకున్నాను.

"ప్రేక్షకులు మన్నించాలి. మేడం గారు పొరబడ్డారు. పాయింటు సరైనదే."

నా గొంతు వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ బాధ.

ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. ఒక ఆటగాడిని మార్చారు, వచ్చిన కొత్తవాడి పేరు నాకు తెలియక తడబడ్డాను. బల్ల మీద ఒక కాగితం ముక్క నా వైపు జరిగింది. పేరు, ఊరు, 'కుడివైపు పట్టు గట్టిది' అని రాసి ఉంది. ఆట ముగిసేదాకా అలా ఆమె రాసి జరుపుతూనే ఉంది, నేను చదువుతూనే ఉన్నాను. చివర్లో జనం చప్పట్లు కొట్టారు. కమిటీవాళ్ళు నాకు శాలువా కప్పారు. నాకంటూ ఒక పేరు వచ్చింది ఆ సాయంత్రమే.

మిర్యాలగూడ బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది. నేరేడుచర్లలో బస్సు ఆగినప్పుడు నా వైపు తిరిగి అడిగింది.

"కాలు బయట పడుడు నువ్వు సూసినవా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "చూశానక్కా."

ఆమె తల ఊపింది. "నువ్వు సూడలేదేమో అనుకున్న," అంది. "సూడకపోతే నీది తప్పు గాకపోవు." అంతే. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

కొన్నాళ్ళు ఆమెను పిలవొద్దులే అన్నాడు ఓనర్. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ తీరలేదు, ఎందుకని నేను అడగనూ లేదు. తర్వాత ఆమె భర్తకు సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికి మఠంపల్లి వెళ్ళిపోయారు. అక్కడ మళ్ళీ ఒక బడిలో చేరింది. నేను కోదాడ, సూర్యాపేట పోటీల్లో కుర్చీ సంపాదించి, హైదరాబాదులో ఒక పెద్ద ఛానల్ దాకా వెళ్ళాను. అక్కడ కబడ్డీ కార్యక్రమానికి ఒక మహిళ కావాలన్నప్పుడు ఆమె పేరు చెప్పాను. ఫొటో, ఎత్తు, వయసు పంపమన్నారు. ఫోన్ చేసి చెబితే ఆమె నవ్వింది. "ఫొటో అడిగిన్రా? గొంతు అడగలేదా?" రెండు రోజులకు, బడి పిల్లల ఆటకు తాను చెప్పిన కామెంట్రీ రికార్డు చేసి పంపింది. ఎంత బాగుందో చెప్పలేను. దాన్ని పంపిస్తే వాళ్ళు కనీసం విన్నారో లేదో, "ఇంకా చిన్న వయసువాళ్ళు ఎవరైనా ఉంటే చూడండి," అన్నారు. ఆ కార్యక్రమమే రద్దయిందని ఆమెకు చెప్పాను. నమ్మినట్టు ఊరుకుంది.

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున మఠంపల్లి వెళ్ళాను. ఆమె ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. జుట్టు నెరిసింది. నాకు మంచినీళ్ళు ఇచ్చి, మా అమ్మ ఆరోగ్యం అడిగింది. దారి పొడవునా తయారుచేసుకున్న మాట చెప్పేశాను.

"అక్కా, సూర్యాపేటలో నువ్వు చెప్పిందే నిజమని వీడియో పెడతాను. అబద్ధం చెప్పింది నేనని అందరి ముందూ ఒప్పుకుంటాను."

"వద్దు."

"ఎందుకక్కా?"

"ఏమైతది? సతీశ్ ఎంత మంచోడు, ఇన్నేండ్లకు ఒప్పుకుండు అంటరు. గది గూడ నీ ఖాతలనే పడ్తది." కోపంగా అనలేదు. చేతిలోని చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది. "నిన్ను అడిగిన దినం జెప్పాలె సతీశ్. ఇప్పుడు నిన్ను ఎవ్వలు అడుగుతలేరు. అన్నం తిని పో."

తిన్నాను. ఆ కూర రుచి నాకు గుర్తులేదు.

పోయిన ఏడాది కోదాడలో జరిగిన పోటీలకు ఆట చెప్పడానికి నన్ను పిలిచారు. నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి, మొదటిసారి చెబుతోంది. మూడో ఆటలో ఊరి జట్టుకు వ్యతిరేకంగా ఒక మాట చెప్పింది. తను చెప్పింది నిజమే, నేనూ చూశాను. కేకలు లేచాయి. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. మైకు నా వైపు చాచి, "మీరు చెప్పండి సార్," అంది. నేను దాన్ని ఆమె వైపే తోసి, "నువ్వు చూసింది నువ్వే చెప్పమ్మా. నేనూ చూశాను," అన్నాను. ఆ మాట మైకులో అందరికీ వినబడింది. ఆమె గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది, ఆట ముగిసేదాకా చెప్పింది. మరునాడు మమ్మల్నిద్దరినీ పిలవలేదు. ఈ సంగతి జమునక్కకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే మెచ్చుకుంటుందేమోనని లోపల ఒక ఆశ ఉంది. అది పోయేదాకా చెప్పకూడదనుకున్నాను.

ఆ రోజు ఆటలన్నీ అయ్యాక ఆ అమ్మాయి నాకు దండం పెట్టి, "మీలాంటి వాళ్ళు పక్కనుంటే ధైర్యంగా ఉంటది సార్," అంది. మైకు వెనక్కి తొయ్యడం ఆమె చూసింది. అంతకు ముందు క్షణం, ఆమె కళ్ళు జనం మీద ఉన్నప్పుడు, నా చెయ్యి దానికోసం ముందుకు వెళ్ళడం చూడలేదు. ఆ రోజు నన్ను ఎవరూ అదిలించలేదు, భుజం మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అయినా వెళ్ళింది, వేళ్ళు మైకు చుట్టూ బిగుసుకున్నాయి కూడా. అప్పటి నుంచి పక్క కుర్చీలో ఏ అమ్మాయి అయినా ఆట చెబుతున్నంతసేపూ, నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాను.