బ్యారేజీ మీద అటూ ఇటూ

మొన్న కృష్ణ ఒడ్డున కాలుతున్న మొక్కజొన్న పొత్తుల వాసన తగలగానే, నా ఎనిమిదేళ్లప్పటి చిరాకు ఒకటి గుర్తొచ్చింది.

మాది కృష్ణలంక. అమ్మ స్నేహితురాలు షమీమ్ ఆంటీది బ్యారేజీ అవతల సీతానగరం. ఆ సాయంత్రం ముగ్గురం బ్యారేజీ మీద నడిచి ఆంటీని అవతలి ఒడ్డున దింపాం. ఇక ఇంటికే అనుకున్నాను.

“చిన్నపిల్లనేసుకుని ఒక్కదానివే ఏం పోతావక్కా? సగం దాకా నేనొస్తా” అంది ఆంటీ.

సగం దాకా వచ్చాక అమ్మ మొదలెట్టింది. “మరి నువ్వొక్కదానివే ఎలా వెళ్తావే? పద, దింపుతా.”

మళ్లీ అవే గేట్లు, అదే ఎదురుగాలి. పొత్తు కొనిపెట్టమన్నా వినిపించుకునేవాళ్లు లేరు. మూడోసారి వెనక్కి తిరిగేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పెద్దవాళ్లకి ఒంటరిగా నడవడానికి భయమేమిటి?

“అంత భయమైతే ఆంటీని నేను దింపొస్తా. నువ్విక్కడే కూర్చో అమ్మా!” అని అరిచాను.

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఆంటీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంకుల్‌కి బదిలీ అయిందనీ, మర్నాడే వాళ్లు సామాను లారీకెక్కించుకుని కడప వెళ్లిపోయారనీ నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆ తర్వాత షికారుకి వెళ్దామని నేనెన్నిసార్లు అడిగినా, అమ్మ కాళ్లు నొప్పులనేది.