బావగారి గోల్ఫు కర్రల మెడలు వంచిన రోజులు

మా అక్క వాకిట్లోకి చెప్పులతో అడుగు పెట్టిన మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. కరెంటు మీటరు చూసే అతను కూడా గేటు దగ్గరే చెప్పులు విడిచి, కాళ్ళు దులుపుకుని మరీ లోపలికి వస్తాడు. తులసికోట ముందు ముగ్గు, ముగ్గు పక్కన పాత చీర పరిచి ఎండబెట్టిన వడియాలు. ఆ రెండింటి మధ్య నడిచే యోగ్యత ఉత్త కాళ్ళకే ఉంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత మేం చేసిన తెలివితక్కువ పనికి మూలం ఇదే.

మాది రాజోలు. అక్కావాళ్ళు మామిడికుదురు దాటాక కాలవ గట్టున ఉంటారు. నేను ఐటీఐలో ఫిట్టరు పని నేర్పి రిటైరయ్యాను. ఇంటి వెనక బెంచీ, దానికి బిగించిన, ఇనప ముక్కని కదలకుండా పట్టే వైసూ, ఆకురాళ్ళూ ఇంకా అలాగే ఉన్నాయి. పనేమీ లేకపోయినా రోజుకోసారి వెళ్ళి వైసు మర తిప్పి చూసుకోకపోతే నాకు తోచదు. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది.

బావగారిది గల్ఫు ఉద్యోగం. అక్కడొక గోల్ఫు మైదానంలో ముందు ఆటగాళ్ళ సంచులు మోశారు. తర్వాత కర్రలు బాగుచేసే గదిలో కుదురుకున్నారు. సిబ్బందికి వీలిచ్చిన రోజున ఆడుతూ ఆడుతూ ఆటా పట్టుబడింది. సెలవుకి వచ్చినప్పుడు ఆ కబుర్లు చెబుతుంటే నాకు నవ్వొచ్చేది.

“బంతిని కొట్టడానికి ఒకడూ, ఆ కర్ర వంపు చూడ్డానికి ఇంకొకడూనాండీ బావగారూ?” అనేవాణ్ణి.

“ఆయ్. కొట్టేవాడికి ఖర్చు, చూసేవాడికి జీతం. నేను తెలివైనవాణ్ణి కాబట్టి చూసే గదిలో కూర్చున్నానోయ్ బావమరిదీ” అనేవారు.

అప్పట్లో ఆయన అంత సరదా మనిషి. రెండేళ్ళ క్రితం, మైదానంలో బంతులు ఏరే బండి పక్కకి ఒరిగి ఆయన మీద పడింది. కుడికాలు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ కాలు పొట్టిదైపోయింది. ఇంటికొచ్చేశాక కాకినాడలో డాక్టరుగారు కుడి చెప్పుకి అడుగున మందంగా కట్టించి ఇచ్చారు. అది వేసుకుంటే రెండు కాళ్ళూ సమానంగా ఆనుతాయి. బావగారికి మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్ళు మంట. గేటు దగ్గర విడిచాక, ఒక రేకు ముక్క వెనక్కి తోసి, ఎవరి కంటా పడకుండా దాచేవారు. ఊళ్ళోకి వెళ్ళడం తగ్గించేశారు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ, అందులో ఆయన, చేతిలో ఫోను. ఎప్పుడు వెళ్ళినా అదే దృశ్యం.

అలా ఉండగా విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. గల్ఫులో ఆయనతో పనిచేసిన మిత్రుడొకాయన అక్కడి మైదానంలో ఉన్నాడట. పిల్లలకి ఆట నేర్పే మనిషి కావాలి, వచ్చి మేనేజరుగారి ముందు నాలుగు బంతులు కొట్టి చూపిస్తే చాలన్నాడు. ఆ మర్నాడే అక్క నాకు ఫోను చేసింది.

“ఒరేయ్, ఆయన వెళ్ళనంటున్నారు. కర్రలు కుదరట్లేదంట. నువ్వొచ్చి ఏం చేస్తావో చెయ్యి. ఆ కుర్చీలోంచి మనిషిని లేపరా, నీకు పుణ్యం ఉంటుంది” అంది. వైసు ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, ఆటోలో వేసుకుని వెళ్ళాను.

గల్ఫు నుంచి వచ్చేటప్పుడు ఒక పెద్దాయన తన పాత కర్రలు బావగారికి ఇచ్చేశాడు. తలకాయలు ఇనపవి, వాటిని ఐరన్లంటారు. అందులో ఒకటి పట్టుకుని బావగారు నాకు పాఠం చెప్పారు. తలకాయ అడుగు నేలకి సాపుగా ఆనాలి. అలా ఆనినప్పుడు కర్ర ఎంత ఒరిగి ఉంటే అది దాని లై. బంతిని తాకే ముఖం ఎంత వెనక్కి వాలి ఉంటే అది లాఫ్ట్. లాఫ్టుని బట్టి బంతి ఎంత ఎత్తు లేస్తుందో, లైని బట్టి అది తిన్నగా పోతుందో పక్కకి పోతుందో ఉంటుంది. మనిషి నిలబడే తీరు మారితే లై మారాలి. దానికి కర్రని ఏమీ చెయ్యకూడదు, తలకాయకీ కర్రకీ మధ్య ఉన్న మెడని వంచాలి.

“అక్కడ మెషీనుండేది. ఇక్కడేవుందీ?” అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంతకాలం ఇనుముతో కాపరం చేసినవాణ్ణి, ఇంట్లో వైసు పెట్టుకుని ఆ మాట పడతానా? ఖాళీగా ఉన్న గొడ్లసావిట్లో వైసు బిగించాను. కొబ్బరికాయలు వలిచే పాత గునపం ఒకటి మూలన పడి ఉంది. దాని చివర రెండు ఇనప ముక్కలు వెల్డింగు చేయించి, మెడని పట్టుకునేలా నోరు చేశాను. ముఖానికి గీతలు పడకుండా వైసు దవడలకి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టాను. కోణానికి నా పాత కోణమాపకం ఉంది. అది నమ్మని వాళ్ళకి ఫోనులో మట్టం చూపించే యాప్ ఉంది. బావగారు ఫోన్నే నమ్మారు.

ఎంత వంచాలో తెలియాలంటే, ఆయన కొట్టినప్పుడు అడుగున ఏ భాగం నేలకి తగులుతోందో చూడాలి. అక్కడైతే అడుగుకి టేపు అంటించి పలక మీద కొట్టిస్తారట. మా దగ్గర ఆ టేపు లేదు. అక్క వంటింట్లోంచి తడిపసుపు తెచ్చి అడుగున పల్చగా పూసింది. ఎలాగూ కొత్త పని మొదలెడుతున్నాం కదా అని పైన కుంకుమబొట్టు కూడా పెట్టింది. వాకిట్లో మామిడి చెక్క వేసి, బావగారిని నిలబెట్టి కొట్టించాం. చెక్కకి తగిలిన చోట పసుపు చెరిగిపోయింది. కర్రకి దగ్గరగా ఉన్న కొసన, అంటే హీలు వైపునే చెరిగింది. దాన్నిబట్టి కర్ర మరీ నిటారుగా ఉందని, మెడ కిందికి వంచాలని తేలింది.

వంచడం మొరటు పనిలా కనిపిస్తుంది కానీ కాదు. గునపం మీద కొంచెం బరువు మోపాలి, వదలాలి, కొలవాలి, మళ్ళీ మోపాలి. ఆత్రపడితే లై కుదిరేసరికి లాఫ్టు చెడుతుంది. బావగారు పక్కన నిలబడి “ఇంకాస్త. చాల్లే. కొలిచి చూడు” అంటుంటే, ఆయన గొంతులో పాత మనిషి పలుకుతున్నాడని నాకు లోలోపల సంతోషం. అన్ని ఐరన్లకీ అదే లెక్కన వంచేశాం. మళ్ళీ పసుపు పూసి చూస్తే సరిగ్గా అడుగు మధ్యలో చెరిగింది. నేను మీసం మెలేశాననే చెప్పాలి. అక్క ఆ పూట పూర్ణాలు వండింది.

సాయంత్రం కోతలైపోయిన చేలోకి వెళ్ళాం. మొదటి బంతి కుడి పక్కకి వంగి రొయ్యల చెరువులో పడింది. రెండోదీ అంతే. మూడోసారి టో, అంటే అవతలి కొస, మట్టిలో గీసుకుపోయి బంతి అసలు లేవనేలేదు. బావగారు కర్ర కింద పెట్టేశారు.

“చూసేవా? తప్పు కర్రది కాదోయ్, కాలిది. వాళ్ళకి రానని ఫోను చేసేస్తాను” అన్నారు.

“వాకిట్లో బాగానే ఉంది కదండీ?” అన్నాను. ఆయన గట్టెక్కి ఇంటిదారి పట్టారు. నాకు ఆయన మీద జాలి, నా మీద నాకు కోపం, మధ్యలో ఆ పూర్ణాలు గుర్తొచ్చి సిగ్గు.

గేటు దగ్గర ఆయన వంగి, ఎత్తు చెప్పు విడిచి, అలవాటు ప్రకారం రేకు వెనక్కి తోశారు. లోపలికి అడుగు వేసేసరికి మనిషి కుడివైపు కుంగిపోయారు. భుజం దిగింది, చెయ్యి దిగింది. అప్పుడు వెలిగింది నా బుర్రకి.

“బావగారూ, చేలో ఆ చెప్పు వేసుకునే కొట్టేరా?”

“ఆయ్.”

“ఇక్కడ కొలిచినప్పుడు?”

ఆయన నా వంక చూడకుండా అరుగు మీదికెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఉత్త కాళ్ళ మీద నిలబెట్టి, కుంగిన మనిషికి కొలత తీసి, కర్రలన్నీ ఆ కొలతకి వంచేశాం. చేలోకి వెళ్ళింది మరో మనిషి. మరి మా అక్క వాకిట్లో చెప్పులేసుకుని నిలబడమని ఎవరికి తోస్తుంది?

“అక్కడ వచ్చిన ప్రతివాడికీ మొదట చెప్పే మాట అదేనోయ్” అన్నారు. “మీ బూట్లు వేసుకుని నిలబడండి సార్ అని. ఎంతమందికి చెప్పేనో. నాకు మాత్రం ఆ మాట గుర్తుకే రాలేదు. గుర్తొచ్చినా వేసుకుందును కాదేమో. అది వేసుకుంటే నేను కుంటివాణ్ణని ఒప్పుకున్నట్టుంటుంది. అది నా చెప్పని నాకెప్పుడూ అనిపించలేదు.”

గడపలో నిలబడ్డ అక్క అంతా విన్నది. గేటు దగ్గరికి నడిచి, రేకు వెనక చెయ్యి పెట్టి, ఆ చెప్పూ, దాని జత చెప్పూ రెండూ చేత్తో పట్టుకుని తెచ్చింది. చీరకొంగుతో మట్టి తుడిచి, తులసికోట ముందు, మామిడి చెక్క పక్కన పెట్టింది.

“వేసుకోండి” అంది.

“ఇక్కడా?” అన్నారు బావగారు.

“ఇక్కడే.”

“ముగ్గు పాడవుతుందే.”

“రోజూ వేసే ముగ్గేనండీ. రేపు మళ్ళీ వేసుకుంటాను. మీరు లేవండి.”

ఆయన లేచారు. చెప్పులు వేసుకుని, ముగ్గు మీద అడుగేసి, చెక్క ముందు నిలబడ్డారు. ఆయన కళ్ళు తడిశాయి. నావీ తడిశాయి, అందులో దాచేదేముంది? అక్క మాత్రం పసుపు కలపడానికి లోపలికి వెళ్ళింది.

ఈసారి పసుపు టో వైపు చెరిగింది. మేం కిందికి వంచిన మెడలన్నీ ఇప్పుడు మళ్ళీ పైకి వంచాలి, అదీ మొదటికన్నా కాస్త ఎక్కువ. ఇక్కడ నాకు నిజంగా భయం వేసింది. ఇనప తీగని ఒకే చోట అటూ ఇటూ వంచితే ఏమవుతుందో పిల్లలకి నేనే చూపించేవాణ్ణి. ఇవి సాగగొట్టి చేసిన మెత్తని ఇనుము కాబట్టి ఈపాటికి విరగలేదు. పోతపోసినవైతే మొదటిసారే పుటుక్కుమనేవి. ఒక్కటి విరిగినా ఆయన ఇక కుర్చీలోంచి లేవరని నాకు తెలుసు. ఆ పని ఒక్క పూటలో చెయ్యలేదు. రోజుకో ఐరన్ చొప్పున పట్టాను. వంచినప్పుడల్లా మెడని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లి, పగుల్లో ఇంకిన నూనె సుద్ద మీద మరకగా తేలుతుందేమోనని భూతద్దం పెట్టి వెతికాం. ఒకదానికి పైపూత చిట్లింది. లోపలి ఇనుము దెబ్బతినలేదు. ఆఖరిది వైసులోంచి తీసేసరికి నా చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

విశాఖపట్నం నేనూ వెళ్ళాను, తోడుకని చెప్పి. నిజానికి ఆ మెడల మీద నాకింకా అనుమానమే. మేనేజరుగారు కుర్రాడే. ముందు కర్రల వంక చూడలేదు, బావగారి కుడి చెప్పు వంక చూశారు.

“కాలు పొట్టిదండీ” అన్నారు బావగారు, ఆయన అడక్కముందే. “కాలికి సరిపడా చెప్పు, చెప్పుకి సరిపడా కర్ర. అన్నీ సరిపడ్డాయి. కొట్టమంటారా?”

కొట్టారు. బంతి తిన్నగా వెళ్ళింది. ఆ ఆటలో మంచి చెడ్డలు నాకేం తెలుసు కానీ, తిన్నగా వెళ్ళడం తెలుసు. ఇంకోటి, ఇంకోటి, అన్నీ అటే. మేనేజరుగారు ఒక ఐరన్ తీసుకుని మెడ తిప్పి చూసి, ఎవరు సరిచేశారని అడిగారు.

“మా బావమరిదండీ. గునపంతో వంచేడు” అన్నారు బావగారు, నన్ను చూపిస్తూ. ఆ వేళాకోళం విని ఎన్నాళ్ళయిందో. నాకు ఆయన్ని అక్కడే కావలించుకోవాలనిపించింది. ఆ వారంలోనే రమ్మని కబురొచ్చింది.

మొదటి సెలవుకి ఆయన వచ్చిన రోజు నేను అక్కావాళ్ళింట్లోనే ఉన్నాను. ఆటో దిగి, గేటు తీసి, సంచి కింద పెట్టి, బావగారు చెప్పు విడవడానికి వంగారు. అక్క గడపలోంచే అంది, “అది తియ్యకండి. దాంతోనే రండి.”

ఆయన సంచి అందుకుని, అలాగే లోపలికి వచ్చారు. గేటు నుంచి తులసికోట దాకా, అక్కణ్ణించి అరుగు దాకా. భుజం దిగలేదు, చెయ్యి దిగలేదు. వీధిలో నడిచేటప్పుడు ఆయన నడక ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. రోడ్డున పోయేవాళ్ళకీ తెలుసు. ఆయన్ని రోజూ కళ్ళెదుట పెట్టుకున్న అక్కకే తెలియదు. గల్ఫు నుంచి వచ్చేసిన దగ్గర్నుంచీ ఆయన ఆమెకి కనబడింది ఈ గేటు లోపల, ఉత్త కాళ్ళతో, కుంటుతూనే.

అక్క గడపలోంచి కదలలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆ నడకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత “ఇంకోసారి గేటు దాకా వెళ్ళి రండి” అంది.

బావగారు వెళ్ళి వచ్చారు.