చుక్కలు లేని పుస్తకం

మొన్న మేనకోడలు ఫోనులో ఏడెనిమిది పాఠాల లింకులు ఒక్కసారే పంపి, “మావయ్యా, హథ్‌ఖోజ్‌ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకి చదువు చెప్పాలి, ఇందులో కౌన్‌సా సహీ హై, ఏది సరైనదో నువ్వే చూసి చెప్పు” అంది. అవి తెరవకుండానే లేచి, నిరుడు పోయిన మా అక్క ట్రంకుపెట్టె తీశాను.

భిలాయి ఉక్కు కార్మికుల కాలనీలో ఆ రోజుల్లో తెలుగు పుస్తకం దొరకడం ఎంత కష్టమో మా తరం వారికి గుర్తుండే ఉంటుంది. విశాఖ వైపు నుంచి వచ్చే చుట్టాల చేత వయోజన విద్య పుస్తకాలు తెప్పించుకుని, మా క్వార్టరు వరండాలో అక్క సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెప్పేది. ఏ పుస్తకం వచ్చినా ముందు చివరి పేజీ తిప్పి ఎప్పుడు అచ్చయిందో చూసేది, వైద్యం సంగతైతే తెలిసిన నర్సుకు చూపించేది, ఆ తరువాతే, నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న ఎదురింటి పిన్ని చేత బిగ్గరగా చదివించి, ఆమె ఆగిన ప్రతిచోటా పెన్సిలుతో చుక్క పెట్టేది. చుక్కలు ఎక్కువైతే ఆ పుస్తకం పక్కకు పోయేది. “ఇది రాసినాయన పెళ్ళాంతో కూడా ఇలాగే మాటాడతాడేటి?” అని పిన్ని అడిగితే వరండా అంతా నవ్వేది.

ఒకసారి అక్క ఊరెళ్ళిన వారం పాఠం నేను చెప్పాను. ఇంట్లో జరిగే ప్రమాదాల మీద ఒక చిన్న పుస్తకం వచ్చింది. పిన్ని దాన్ని ఎక్కడా ఆగకుండా చదివేసింది. ఒక్క చుక్కా పడలేదు కదా అన్న సంతోషంలో చివరి పేజీ తిప్పలేదు, నర్సు దగ్గరకూ వెళ్ళలేదు, పుస్తకం ఆమెకే ఇచ్చేశాను. నాలుగు రోజులకు గంజి వారుస్తుంటే ఆమె కుడిచేయి కాలింది. కాలినచోట వెన్న రాసి గుడ్డ కట్టమని అందులో ఉంది. ఆమె అలాగే చేసి, ఆసుపత్రికి వెళ్ళకుండా ఇంట్లోనే ఉండిపోయింది. పుండు చీము పట్టి, మానేసరికి రెండు వేళ్ళు ముడుచుకుపోయాయి. పలక మీద రాయబోతే ఆ చేతిలో బలపం నిలిచేది కాదు.

“అచ్చులో ఉన్నది అబద్దమవుద్దేటి బాబూ, నానే సదివేను కదా” అంది పిన్ని, నన్ను ఓదారుస్తున్నట్టు. ఊరి నుంచి వచ్చాక అక్క ఆ పుస్తకం ఆమె దగ్గర నుంచి తీసుకుని, చివరి పేజీ తిప్పింది. పిన్ని చదువు మానలేదు కానీ, ఆ తరువాత ఏ పుస్తకం చేతికిచ్చినా తెరిచే ముందు నా మొహంలోకి చూసి, “ఇది నిజిమేనా బాబూ?” అనేది.

ఆ పుస్తకం పెట్టె అడుగున ఉంది. అందులో ఇప్పటికీ ఒక్క చుక్క లేదు. చివరి పేజీలో, అది అచ్చయిన సంవత్సరం కింద, అక్క పెన్సిలుతో గీసిన గీత మాత్రం ఉంది. అది నేను పుట్టడానికి ముందటి సంవత్సరం.

మేనకోడలి లింకులు ఒక్కొక్కటీ తెరిచాను. అక్షరాలు పెద్దవి, బొమ్మలు చక్కనివి, మాట తేలిక. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఎంత వెతికినా కనబడలేదు. పుస్తకం కోసం నెలల తరబడి ఎదురుచూసిన మాకు, వచ్చినదాన్ని అనుమానించే తీరికైనా ఉండేది. ఇంకా జవాబు రాయలేదు. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది, అయినా ప్రతి లింకు దగ్గరా నా మొహంలోకే చూస్తోంది.