ఎక్కని పడవ

మా ఆయన నన్ను పెద్దగా ఏదీ అడిగిన మనిషి కాదు. బ్యాంకాక్ వెళ్ళినప్పుడు మాత్రం ఒకటి అడిగాడు. అక్కడి ఏటి మీద పడవెక్కుదామన్నాడు. అది జరగలేదు. జరగలేదని మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నన్ను మంచిదాన్ని చేసి రాయొద్దని దానికి ముందే చెప్పాను.

మాది ఆగిరిపల్లి పక్క పల్లె. పెళ్ళయిన కొత్తలో ఇద్దరం మామిడి తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళం. ఆయన చెట్టెక్కి కాయ దించేవాడు, నేను కింద గడ్డి పరిచి సైజుల వారీగా ఏరేదాన్ని. పోను పోను చిన్న చిన్న తోటలు పూత మీదే కౌలుకు తీసుకునే దాకా వచ్చాం. ఒక ఏడు మందుల కొట్టు వాళ్ళు, తమ దగ్గర బాగా పురుగుమందు కొన్న రైతుల్ని జంటలు జంటలుగా బ్యాంకాక్ తీసుకెళ్తామన్నారు. మా పేరూ వచ్చింది. హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కిన దగ్గర్నుంచీ మమ్మల్ని తీసుకెళ్ళే గుమాస్తాని ఆయన ఒకటే అడగడం.

“పడవ ఉంటుంది కదండీ?”

“ఉంటుంది బాబాయ్. మూడో రోజు మధ్యాహ్నం. ఇంకోసారి అడిగారంటే మిమ్మల్నే తెడ్డు వెయ్యమంటా.”

మాది మెట్ట ప్రాంతం. ఆయనకు నీళ్ళంటే బోరు నీళ్ళే. బెజవాడ ఎన్నోసార్లు వెళ్ళాం, కాయ అమ్మడానికో ఆస్పత్రికో. కృష్ణ వంతెన మీద నుంచి కిందికి చూడడమే తప్ప దిగి పడవెక్కే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

మూడో రోజు పొద్దున్నే గందరగోళం మొదలైంది. పడుకున్న బుద్ధుడి గుళ్ళో ముసునూరు నుంచి వచ్చిన ఆవిడ కనబడకుండా పోయింది. వాళ్ళాయన ఏడుపు మొహం పెట్టుకుని గుడి చుట్టూ తిరిగాడు. ఇరవై మందిమీ తలో దిక్కూ వెతికాక ఆవిడ బస్సులోనే కాళ్ళు చాపి నిద్రపోతూ దొరికింది. ఆ తిరుగుడులో మా ఆయన చెప్పులు ఎవరో తొడుక్కుపోయారు. ఆయన వట్టి కాళ్ళతోనే నడిచాడు, ఏమీ అనుకోలేదు. మధ్యాహ్నం మమ్మల్నందరినీ ఒక బజారు ముందు దించి గుమాస్తా చెప్పాడు.

“అరగంట. ఈ బజారు చివర రేవుంది, రెండున్నరకి పడవ. రానివాళ్ళ కోసం ఆగదు పిన్నీ, అది మన ఊరి ఆటో కాదు.”

ఆ బజారులో మామిడిపండ్లు కనబడ్డాయి. కార్తీకమాసం అది. మా చెట్లకు అప్పటికి పూత కూడా ఉండదు. ఒక ఆవిడ బండి మీద పసుప్పచ్చని పండ్లను గోపురంలాగా పేర్చుకుని కూర్చుంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

“వద్దే, పడవ టైమవుతోంది,” అన్నాడు ఆయన.

“ఉండయ్యా. ఈ కాలంలో పండిందంటే మందేసి పండించిందే. ఒక్కటి చూసొద్దాం.”

మా వైపు రాశి ముందు నిలబడ్డ మనిషి చెయ్యి అడుక్కే పోతుంది. పైన మంచివి, కింద దెబ్బకాయలు పెట్టడం అందరికీ తెలిసిందే. అడుగు కాయ లాగి, తొడిమ దగ్గర గోటితో గిల్లి, వాసన చూశాకే ధర మాట్లాడతాం. అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు. మా కాయ గడ్డి మీద పరిచి ఉంటుంది, లాగినా ఏమీ కాదు. నేను అలవాటు కొద్దీ కింది వరసలో ఒక పండు లాగాను. గోపురం మొత్తం కూలింది. పండ్లు రోడ్డంతా దొర్లాయి. రెండు పండ్లు ఒక ఆటో చక్రాల కింద పడ్డాయి.

ఆ బండావిడ నన్ను తిట్టింది. ఆ చోట నేనుంటే అంతకంటే ఎక్కువే తిట్టేదాన్ని. అయినా ఊరుకోలేదు, గిల్లి చూడకుండా ఎవరు కొంటారని నేనూ తెలుగులో గొంతు పెంచాను. నలుగురూ పోగయ్యారు, ఫోన్లు తీశారు. మా ఆయన మాత్రం ఆవిడకు దణ్ణం పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కో పండూ ఏరి, తువ్వాలుతో తుడిచి, దెబ్బ తగిలినవి పక్కన పెట్టి, పెద్దవి కిందకీ చిన్నవి పైకీ పేర్చడం మొదలెట్టాడు. కాసేపటికి ఆవిడ తిట్టడం ఆపేసింది. ఆయన చేతులకేసి చూస్తూ ఒక పీట తెచ్చి పక్కన వేసింది. ఆ చెయ్యి పండ్ల పని చేసిన చెయ్యని ఆవిడకు తెలిసిపోయింది.

నాకు సిగ్గేసింది. సిగ్గు వేసినప్పుడు నా నోరు మంచిది కాదు.

“ఏ దేశం తీసుకొచ్చినా నీ కూలోడి బుద్ధి పోదు. లే, అందరూ చూస్తన్నారు.”

ఆయన తలెత్తి, “కాయ పాడైతే ఎంత బాధో మనకి తెలీదటే?” అన్నాడు. మళ్ళీ పేర్చుకున్నాడు. దెబ్బ తిన్నవన్నీ మేమే కొనుక్కున్నాం.

అప్పటికే రెండున్నర అవుతోంది. పరుగెత్తితే రేవు అందేదేమో. నేను కోపంతో నడవనని ఆటో ఎక్కాను. ఆ ఆటోవాడు మమ్మల్ని ఎక్కడో చీరల్లాంటి బట్టలమ్మే కొట్టు ముందు దింపాడు. చేతులూపి, పడవ బొమ్మ గీసి చూపించి, మళ్ళీ వెనక్కి వచ్చేసరికి మావాళ్ళ పడవ ఏటి మధ్యలో ఉంది. గుమాస్తా పడవలోంచే, అక్కడే ఉండమని చేత్తో చూపించాడు. మా ఆయన తువ్వాలు ఊపాడు. నవ్వుతూనే ఊపాడు.

ఇక్కడి దాకా అయితే ఖర్మ అనుకుని ఊరుకునేదాన్ని. తర్వాత చేసిందే నన్ను తినేస్తోంది.

ఆ రేవులోనే ఇంకో పడవ ఆగింది. కూరగాయల బుట్టలతో ఆడవాళ్ళు, బడి పిల్లలు ఎక్కుతున్నారు. అవతలి ఒడ్డు కళ్ళెదురుగా కనబడుతోంది.

“ఇది అటెళ్ళి ఇటొస్తున్నట్టుందే. మనవాళ్ళు వచ్చేలోపు ఒక్క తిరుగుడు తిరిగొద్దామా?”

“నేను రాను. నువ్వు పో.”

“ఒక్కణ్ణీ ఏం పోతాను.”

“అయితే మానుకో.”

ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పడవ వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళి వచ్చింది. రెండోసారి నావైపు చూశాడు, నేను మొహం తిప్పుకున్నాను. మూడోసారి చూడలేదు. నీళ్ళంటే నాకు భయం లేదు. కాళ్ళ నొప్పులూ లేవు. తప్పు నాదైతే దాన్ని ఆయన సరిచేశాడని కడుపుమంట. ఆ పూట ఆయన కోరింది ఆయనకు దొరక్కూడదనుకున్నాను. ఉన్నమాట ఇదే.

ఇంటికొచ్చాక ఊరంతా అడిగారు, పడవెక్కావా అని. ఎక్కలేదంటే ఎందుకని అడుగుతారు. ఆయన నా మొహం చూసి, “ఎక్కాం,” అన్నాడు.

“ఎట్టా ఉంది మావా?”

“గాలి ఇరగేసింది. మీ అత్త భయపడిపోయి నా చెయ్యి వదిల్తే ఒట్టు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నాలుగేళ్ళు ఎవరడిగినా అలాగే చెప్పాడు, చెబుతూ చెబుతూ నిజంగా ఎక్కినవాడిలాగే అయ్యాడు. నా తప్పేనని ఒక్కసారి, మేమిద్దరమే ఉన్నప్పుడైనా నేను అని ఉండొచ్చు. పద, బెజవాడలో ఎక్కుదామని అనొచ్చు. ఎంత దూరం అది? ఈ కోత అయ్యాక, ఈ కోత అయ్యాక అనుకుంటూనే ఉన్నాను. రెండేళ్ళ కిందట కోత మధ్యలోనే గుండె ఆగి పోయాడు.

పదకొండో రోజున మా ఆడపడుచు నా వీపు నిమురుతూ, “పోనీలే వదినా, మా అన్నయ్యకి పడవ సరదా అయినా తీరింది,” అంది. అందరి ముందూ ఆఁ అన్నాను.

ఇది చెబుతుంటే కోడలు రాయడం ఆపింది.

“అదేంటత్తయ్యా, రొట్టె ముక్కలేస్తే పెద్ద పెద్ద చేపలు పడవ దగ్గరికొచ్చాయని మావయ్య పిల్లలకి చెప్పేవారు కదా.”

చెప్పేవాడు. ఆ చేపల్ని చూసింది ముసునూరు వాళ్ళు. తిరిగొచ్చే బస్సులో వాళ్ళు చెబుతుంటే మా ఆయన ముందు సీటు మీదికి వంగి కూర్చుని, ఎంతెంత ఉన్నాయండీ అని అడిగి అడిగి తెలుసుకున్నాడు.