కూతకొచ్చిన బిందెలు

కుర్రతనంలో ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు ఎత్తి ఎత్తి కుడి భుజాన్ని ఎడమదానికంటే లావు చేసుకున్న మనిషి చౌడప్ప. తాను బొగ్గు వేసిన ఇంజనునే స్టేషను ముందు, తాడిపత్రి బండల అరుగు మీద బొమ్మగా నిలబెడుతున్నారని తెలిసి, రిటైరైనా పిలవకుండానే పనికి పోయాడు.

"పిల్లకాయలు ఊరికే మోగిస్తారు. కూత గొట్టాన్ని వెల్డింగ్ చేసి మూసేద్దాం" అన్నాడు ఆఫీసరు.

చౌడప్ప ఇంజనుకు అడ్డంగా నిలబడ్డాడు. "ప్రారంభం రోజు ఒక్కసారి కూయిస్తా సార్. రభస అయితే మూసేయండి."

"నిప్పు లేదు, ఆవిరి లేదు. ఎట్లా కూస్తుంది?"

"గాలితో సార్."

ఇత్తడి కూతకు పెయింటరు ధారాళంగా పూసిన ఎర్రరంగును చౌడప్ప గీకాడు. లోపలి వాల్వు నూరాడు. పంక్చర్ షాపు ఎర్రప్ప గాలి మిషను తెచ్చి గొట్టం బిగించాడు. ఇంజను వెనక నీళ్ల పెట్టె కారుతుందేమోనని చౌడప్ప ట్యాంకరుతో నింపి చూశాడు. చుక్క కారలేదు.

"ఇంట్లో తలుపు గడియ ఊడి యాలాడతాండాది. దానికి మాత్రం సింగారం!" అంది భార్య మారెక్క.

ప్రారంభం నాడు ఆఫీసరు రిబ్బను కత్తిరించాడు. చౌడప్ప గొలుసు లాగాడు. చెయ్యి పాత అలవాటు మరవలేదు: ఒకటి పొడుగు, రెండు పొట్టి. కరువు రోజుల్లో సిగ్నల్ దగ్గర ఇంజను ఆగినప్పుడు 'నీళ్లు వదుల్తాండాం, రండి' అని చెప్పే కూత అది.

కాకులు లేచాయి. టీ తాగుతున్న ప్రయాణికులు గ్లాసులు వదిలి ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తారు. ఆ వెనకే, కొళాయి ఎండిన కాలనీ నుంచి ముసలమ్మలంతా బిందెలతో వచ్చిపడ్డారు.

"ఏమప్పా చౌడప్పా, ఇన్నేండ్లు యాడికి పోయినావు? వదులు!" అంది ముందున్న హనుమక్క.

బిందెలు కుర్చీలకు తగులుతున్నాయి. దండలు నలుగుతున్నాయి. రభస కాక ఇంకేమిటి? వెల్డరు మిషను దగ్గర సిద్ధంగా ఉన్నాడు. కూత పని అయిపోయిందనుకుని, వచ్చినవాళ్లను ఉత్త బిందెలతో పంపలేక, చౌడప్ప నీళ్ల పెట్టె వాల్వు తిప్పాడు. ఎర్రగా దూకాయి నీళ్లు.

వరసలో చివర మారెక్క! బిందెలోకి తొంగిచూసి మొహం చిట్లించింది.

"అప్పుడూ తుప్పునీళ్లే పోసినావు. వీటికే కదయ్యా నేను నీకు పడిపోయింది!"

ఆఫీసరు పకపకా నవ్వాడు. వెల్డరును పిలిచి, "కూత జోలికి పోకు. ఆ పెట్టె కడిగించి కొళాయి బిగించు" అన్నాడు.

చౌడప్ప భుజం తువాలుతో ఇత్తడిని ఇంకోసారి తుడిచాడు. మారెక్క బిందె చంకనెత్తుకుంది.

"చాల్లే పా, ఇంటికాడ గడియ ఉండాది."